మూరెడు తాడుకు అవతలి చివర

తాళంచెవులు చేసే దుకాణానికీ జిరాక్సు దుకాణానికీ నడుమ ఇరుక్కున్నట్లుండే ఆ సైకిలు మరమ్మతు దుకాణం యజమానిని వీధిలో అందరూ "చక్రాలాయన" అనే పిలిచేవారు. వంకరపోయిన చక్రాన్ని స్టాండుకు బిగించి, ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేతి బొటనవేలిని రిమ్ము అంచుకు ఆనించి, ఎక్కడ ఒరుసుకుంటే అక్కడి పుల్లను కాస్త బిగించి బెండు తీయడం ఆయన వృత్తి. ఆ పనిని చూపున్న రోజుల్లో నేర్చుకున్నారు. చూపు పోయిన తరువాత కూడా అదే స్టూలు మీద కూర్చుని అదే పని చేశారు. కొత్తగా వచ్చినవారు సంగతి గ్రహించి నోరు వెళ్లబెడితే, "ఇందులో వింతేముందండీ, కరెంటు పోయినప్పుడు ముద్ద నోట్లోనే పెట్టుకుంటారు గానీ చెవిలో పెట్టుకోరు గదా" అని నవ్వించేవారు.

నడివయసు రాకముందే ఒక జబ్బు వల్ల ఆయన చూపు మందగించి, మందగించి, చివరకు పూర్తిగా పోయింది. ఆ తరువాత చాలాకాలం ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. పలకరించిన వారి మీద కసురుకునేవారు. పుస్తకాల బైండింగు పనిచేసే ఆయన భార్య చివరకు ఓపిక నశించి, ఒకనాడు చేయి పట్టుకుని లేపి, ఊరి చివర ఉన్న శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్లింది. పెద్దయ్యాక చూపు కోల్పోయినవారికి నడవడం, వండుకోవడం, రోడ్డు దాటడం నేర్పే కేంద్రమది. అక్కడ కర్రతో నడక నేర్పే ముసలి మాస్టారు మొదటి పాఠంగా ఆయనకు ఒకే మాట చెప్పారు: "కాలికి తెలిసినంత వరకూ కాలిని నమ్ము. కాలికి తెలియని చోట పక్కవాడి మాట నమ్మాలి. కాబట్టి పక్కవాణ్ణి ఎంచుకోవడం తొందరపడి చెయ్యకయ్యా."

ఆయన తొందరపడలేదు. ఎన్నో ఏళ్లు చూసిన తరువాతే తన బావమరిదిని ఎంచుకున్నారు.

ఆ బావమరిది డ్రైవింగు స్కూలు నడిపేవాడు. గురువు వైపు కూడా బ్రేకు, క్లచ్చి ఉన్న పాత కారు ఒకటి అతని ఆస్తి. మనిషి మాటకారి. నేర్చుకునేవారు కారును గోడకు గుద్దినా, "గోడే అడ్డొచ్చిందిలెండి" అని ధైర్యం చెప్పే రకం. అక్కమొగుడు స్టూలుకు అతుక్కుపోవడం చూడలేక, ఒక ఉదయం దుకాణం షట్టరు సగానికి దించి ముందు నిలబడ్డాడు.

"లే బావా. కూర్చుని కూర్చుని గాలి పోయిన ట్యూబులా అయిపోయావు."

"పంక్చరు వేయడానికి వచ్చావా ఏంట్రా?"

"కాదు, పరిగెత్తించడానికి. నా దగ్గర కారు నేర్చుకునేవాళ్లంతా కళ్లుండీ చూడరు. వాళ్లనే రోడ్డెక్కిస్తున్నాను, నువ్వొక లెక్కా?"

ఇద్దరి మణికట్లకూ ఒక మూరెడు తాడు కట్టుకుని ఆటస్థలం చుట్టూ పరుగు మొదలుపెట్టారు. అతని నోటికి వచ్చిన భాష ఒక్కటే గనుక, వారి పరుగుకు కూడా అదే భాష అయింది. ఫస్టు గేరు అంటే నిటారైన ఎక్కుడు, అడుగులు పొట్టిగా వేయాలి. న్యూట్రల్ అంటే నడక. స్పీడు బ్రేకరు అంటే రాయో వేరో ఉంది, కాలెత్తాలి. బ్రేకు అంటే ఎక్కడి కాలు అక్కడ నిలిపివేయాలి. టాప్ గేరు అంటే ముందంతా నున్నటి దారి, గుండె నిండా గాలి పీల్చి కాళ్లను వదిలేయవచ్చు. ఆ మాట వినడం కోసమే ఆయన ఉదయాన్నే లేచేవారు. క్రమంగా ఆటస్థలం చాలక ఊరి రోడ్లు, అవీ చాలక ఊరి వెలుపలి గుట్టలు వారికి అలవాటయ్యాయి. బావమరిది "స్పీడు బ్రేకరు" అంటే ఆయన పాదం అడగకుండానే లేచేది. ఆ మాట నిజమా కాదా అన్న ప్రశ్న, పాదం కింద నేల ఉందా లేదా అన్న ప్రశ్న వలెనే, ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఇట్లుండగా శిక్షణ కేంద్రం నడిచే ఇంటిని దాని యజమాని అమ్మకానికి పెట్టారు. కేంద్రం కార్యదర్శి మేడమ్ ఎక్కని గడప లేదు. చివరకు ఒక టైర్ల కంపెనీ వారు, చూపులేని మనిషి ఎవరైనా పర్వతాల మీద నాలుగు రోజులు జరిగే పరుగుపందెం పూర్తిచేసి, మూడవనాటి శిఖరాన్ని తన కాళ్లతో దాటినట్లయితే, ఆ ఇంటిని తామే కొని కేంద్రానికి ఇస్తామని ఒప్పుకున్నారు. మేడమ్ నేరుగా సైకిలు దుకాణానికి వచ్చి కూర్చున్నారు.

"మీరు తప్ప ఇంకెవరున్నారండీ?" అన్నారామె.

ఆయన ఒప్పుకున్నారు. ప్రయాణపు ఖర్చులకు దుకాణానికి వచ్చేవారు సైతం తమవంతుగా చేతనైనది ఇచ్చారు. పాలు పోసే ఆయన ఒక షరతు పెట్టాడు: "పైకెక్కి వచ్చి నాకు చెప్పాలి, పైన ఎలా ఉంటుందో. నేను ఈ జన్మకి ఎక్కను." చక్రాలాయన తప్పక చెబుతానని మాట ఇచ్చారు. ఇంటి సంగతి ఎంత ముఖ్యమో, ఆయనకు ఈ మాట కూడా అంతే ముఖ్యమయింది. చూపు పోయిన నాటి నుండి అందరూ ఆయనకు ఫలానాది ఇలా ఉందని చెప్పేవారే. తాను వెళ్లి వచ్చి ఇంకొకరికి చెప్పగల చోటు ఒక్కటి కూడా ఆయనకు మిగలలేదు.

భార్యకు మాత్రం ఈ పందెం మొదటినుండీ ఇష్టం లేదు. "ఊళ్లో పరిగెత్తితే చాలదా? కొండలు మీకేం అప్పున్నాయి?" అని సణుగుతూనే ఆమె బట్టలు సర్దింది. బస్సు కదిలేముందు తమ్ముణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పింది. జాగ్రత్తలు చెబుతోందని ఆయన అనుకున్నారు.

మొదటినాటి దారి పైన్ చెట్ల మధ్య మెత్తగా సాగింది. రెండవనాడు ఒక సన్నని గట్టు వంటి కొండ అంచు మీద నడవవలసి వచ్చింది. ఆనాడు బావమరిది హాస్యాలు ఆగిపోయాయి. మాటలు పొట్టివయ్యాయి. తాడు సన్నగా వణకడం ఆయన మణికట్టుకు తెలిసింది.

"ఏంట్రా, వణుకుతున్నావు?"

"చలి బావా."

"నాకు చెమట పోస్తుంటే నీకు చలేంట్రా?"

"నీ ఒళ్లు వేరు, నా ఒళ్లు వేరు. బ్రేకు... ఆ, ఇప్పుడు రా."

ఆయన ఒక అడుగు ముందుకు వేశారు.

మూడవనాడు ఉదయం ఒక చీలిక దగ్గర వారు ఆగారు. అక్కడి నుండి పైదారి శిఖరం మీదుగా పోతుంది. కిందిదారి కొండను చుట్టి అవతలి విడిదికే చేరుతుంది. జబ్బు చేసినవారినీ, బాగా వెనుకబడినవారినీ నిర్వాహకులు కిందిదారిన పంపుతారు. వారు కూడా పందెం పూర్తిచేసినట్లే గాని శిఖరం దాటినట్లు కాదు. శిఖరం మీద ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుందనీ, పైకి చేరిన ప్రతివారూ దాన్ని ఇనుపకడ్డీతో ఒక్క దెబ్బ కొట్టడం ఆ పందెపు ఆనవాయితీ అనీ ఆయన ముందే విని ఉన్నారు. ఆ దెబ్బ కోసం ఆయన కుడిచేయి నెలల తరబడి ఉవ్విళ్లూరుతోంది.

చీలిక దగ్గర నిలబడిన వలంటీరుతో బావమరిది గొంతు తగ్గించి ఏదో మాట్లాడాడు. తిరిగి వచ్చి, "పద బావా, ఇక పైకే" అన్నాడు.

ఎక్కుడు ఉంది, కాని ఆయన ఊహించినంత లేదు. "ఫస్టు గేరు" అన్నప్పుడల్లా ఆయన అడుగులు పొట్టిచేసుకున్నారు. చేసుకోవలసిన అవసరం లేదేమోనని పాదాలు గొణిగాయి. గాలి వెచ్చగా ఉంది. ఎక్కడో ఒక కుక్క మొరిగింది. పేడ వాసన వచ్చింది.

"ఇంత పైన పశువులుంటాయా?"

"మేతకి తోలుకొస్తారు బావా."

ఉండవచ్చు. ఆయనకు పర్వతాలు కొత్త. కొంతసేపటికి బావమరిది అలవాటు చొప్పున, "టాప్ గేరు!" అన్నాడు. అన్న మరుక్షణం తాడు బిగుసుకుంది.

"శిఖరం మీద టాప్ గేరేంట్రా?"

"నోరు జారింది బావా. స్కూల్లో రోజంతా అదే వాగుడు గదా."

ఆయన నవ్వారు. కాళ్లు చెప్పిన మాటను, గాలి చెప్పిన మాటను, ముక్కు చెప్పిన మాటను పక్కనబెట్టి, పక్కవాడి మాటను నమ్మారు. మరికొంత దూరం పోయాక బావమరిది ఆగి, ఆయన చేతిలో ఒక రాయి పెట్టి, "ఇదే బావా. కడ్డీ ఎక్కడో పడిపోయినట్టుంది, దీంతో కొట్టు" అన్నాడు. ఆయన చేయి చాపితే ఇనుము తగిలింది. ప్రాణమంతా భుజంలోకి తెచ్చుకుని కొట్టారు. ఠింగుమని ఒక సన్నని చప్పుడు వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఇంతేనా?"

"గాలి మింగేస్తోంది బావా."

ఆయన ఆ ఇనుము మీద అరచేయి ఆనించి కొంతసేపు నిలబడ్డారు. పాలాయనకు ఏమని చెప్పాలో మనసులో పేర్చుకున్నారు. వెచ్చగా ఉంటుందయ్యా, మనం అనుకున్నట్టు ఉండదు, కుక్కలు కూడా ఉంటాయి అని. కళ్లు చెమర్చాయి. బావమరిది భుజం తట్టి, "నీ వల్లేరా" అన్నారు.

ఆ సాయంత్రం విడిదిలో భోజనాల డేరా కింద బల్లల చుట్టూ అందరూ చేరారు. ఆయనకు ఎదురుగా కూర్చున్నది ఒక బస్సు కండక్టరమ్మ. జీవితమంతా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన గొంతు కావడం చేత, ఆమె రహస్యం చెప్పినా డేరా అంతా వినిపించేది.

"నా చెవులింకా గింగురుమంటున్నాయి తమ్ముడూ!" అన్నదామె సూపు జుర్రుతూ. "ఆ పట్టా ముక్కని కొట్టానా, ఆ మోత ఈ లోయలోకి దిగి, ఆ లోయలోకి దిగి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది. నా బస్సు హారను కూడా అంత మోగదు. ఇక ఆ చలేంటి బాబూ, మంచు మోకాళ్లదాకా! కడ్డీకి గొలుసేసి కట్టారు గాబట్టి సరిపోయింది, లేకపోతే చేతికి అతుక్కుని ఇంటికొచ్చేది."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. చక్రాలాయన చేతిలోని చెంచా గిన్నెలోకి దిగి అక్కడే ఉండిపోయింది.

"కడ్డీకి గొలుసుందా అక్కా?"

"ఉండకేం? అవునూ, నిన్ను పైన చూళ్లేదే? మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నా, కాలు పట్టేస్తే. మీరు కిందిదారినొచ్చారా? కడుపునొప్పన్నారు ఎవరో. తగ్గిందా?"

ఆయన మెల్లగా పక్కకు తిరిగారు. బావమరిది కూర్చున్న బెంచీ కిర్రుమన్నది. కండక్టరమ్మకు కూడా, బహుశా ఆ జన్మలో మొదటిసారిగా, గొంతు తగ్గింది. "నేనేమైనా అనరానిది అన్నానా?" అన్నది.

"లేదక్కా," అన్నారాయన. "నువ్వొక్కదానివే అనవలసింది అన్నావు."

డేరా వెనుక, నీళ్ల పీపాల దగ్గర, ఆయన బావమరిదిని నిలబెట్టారు.

"నేను దేన్ని కొట్టానురా?"

"బావా..."

"అడిగిందానికి చెప్పు."

"గేటు. పశువుల దొడ్డి గేటు."

చేతిలోనుండి ఏదో జారిపడిందని ఆయనకు తోచింది గాని, చేతిలో ఏమీ లేదు.

"ఎందుకురా?"

"అక్క చెప్పింది. నిన్ను చెక్కుచెదరకుండా తీసుకురమ్మంది. నిన్న నీ కాళ్లు తడబడ్డాయి, రెండుసార్లు పడబోయావు..."

"నేనా? నిన్న నా కాలు ఒక్కసారి కూడా జారలేదు. వణికింది నా చెయ్యి కాదు, నీది."

అతను కట్ట తెగినట్లు మొదలుపెట్టాడు. "అవును, నాదే! నీకేం తెలుసు బావా? ఒక పక్క నేల లేదు. రాయి జారితే అది కిందపడ్డ చప్పుడు కూడా రాలేదు. నీకది కనపడదు గాబట్టి పార్కులో నడిచినట్టు నడిచావు. నేను చూస్తూ నడిచాను! ఈరోజు దారి అంతకంటే ఘోరమన్నారు. నా వల్ల కాలేదు."

"ఆ మాట నాకు చెప్పొచ్చు గదరా. భయమేస్తోంది బావా అని ఒక్క మాటంటే, నేనే నీ చెయ్యి పట్టుకుని కిందిదారికి తిప్పేవాణ్ణి. ఆ ఇల్లు పోతే పోయిందనేవాణ్ణి."

"అంటే, పాఠాలు చెప్పేవాణ్ణి, నాకు భయమని..." అతని సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయినా ఏం మునిగిందిప్పుడు? పైన నీకేం కనిపిస్తుందని బావా? పైనైతే ఏంటి, కిందైతే ఏంటి, నీకు అంతా ఒకటే గదా!"

ఆ మాట అన్న తరువాత అతను కూడా నిర్ఘాంతపోయినట్లున్నాడు. చక్రాలాయన మణికట్టుకు ఇంకా వేలాడుతున్న తాడు ముడిని విప్పుకుని, దాన్ని చుట్టి అతని జేబులో పెట్టారు. "మీ అక్కకి ఫోను కలుపు" అన్నారు.

భార్య గొంతు మొదటి మాటకే తేలికపడింది. "బాగున్నారా? ఒళ్లు నెప్పులున్నాయా?"

"కిందిదారి సంగతి నీకు తెలుసా?"

"తెలుసండీ. రాత్రి వాడు ఫోను చేశాడు. మీరు పడ్డారన్నాడు. నేనే వద్దన్నాను పైకి. మేడమ్‌గారికి కూడా చెప్పాం. ఆవిడా అదే మంచిదన్నారు, ఎవరికీ తెలియదు గదా అని..."

"అందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు."

"మీరు కోప్పడతారని చెప్పలేదండీ. మీ మంచికే గదా."

"నేను పడ్డానని వాడు చెబితే నమ్మావు. నన్నడగలేదు."

ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకనాడైతే ఆయన ఓదార్చి ఉండేవారు. ఆనాడు ఫోను తిరిగి ఇచ్చివేశారు.

మర్నాడు కండక్టరమ్మ, తాను తోడు వస్తానని ముందుకు వచ్చింది. ముందుగా పేరు నమోదయినవారు తప్ప ఇంకొకరు దారి చూపరాదని నిర్వాహకులు అన్నారు. ఆగిపోతే కేంద్రం ఇల్లు పోతుంది. చేసేది లేక ఆయన మళ్లీ బావమరిది ముందు మణికట్టు చాపారు. తాడు కట్టే అతని చేతులు తడిగా ఉన్నాయి.

ఆనాటి దారి అన్నింటికంటే సులువైనది. అదే వారికి అన్నింటికంటే దీర్ఘమయింది. "స్పీడు బ్రేకరు" అంటే ఆయన ఆగి, బూటు కొసతో ముందు తడిమి, రాయి ఉందని నిశ్చయించుకున్న తరువాతనే కాలెత్తేవారు. "లెఫ్టు" అంటే ఎడమచేయి చాపి గాలిని వెతికేవారు. ఒకచోట బావమరిది, "టాప్ గేరు బావా. నిజంగానే. ఒట్టు" అన్నాడు. దారి నిజంగానే నున్నగా ఉంది. ఆయన నడుస్తూనే ఉన్నారు. పరిగెత్తమని కాళ్లకు చెప్పి చూశారు. అవి వినలేదు. వెనుకవచ్చిన వారంతా ఒకరొకరుగా దాటిపోయారు. ఇద్దరి మధ్యా తాడు ఏనాడూ లేనంత వదులుగా వేలాడింది.

ముగింపు గీత దగ్గర బ్యాండు మోగింది. ఆయన మెడలో పతకం పడింది. కంపెనీ పెద్దమనిషి చేయి పట్టుకుని ఊపారు. మేడమ్ మైకులో, "చూపు లేకపోయినా శిఖరాన్ని జయించిన..." అని మొదలుపెట్టారు. ఆయన చేయి చాపి మైకు అడిగి తీసుకున్నారు.

"నేను శిఖరం దాటలేదండీ," అన్నారు. "నన్ను కిందిదారిన తీసుకొచ్చారు. పైనెలా ఉంటుందో నాకు తెలియదు. కంపెనీవారు ఇల్లు ఇస్తామన్నది దాటితేనే. దాటలేదు గాబట్టి ఇవ్వాలో వద్దో వారు తేల్చుకోవాలి. ఇస్తే మాత్రం తెలిసే ఇవ్వాలి."

మేడమ్ నవ్వు వినిపించింది. "చూశారా, ఎంత వినయమో! మన అందరి సాయం లేకపోతే తాను కిందే ఉండేవాణ్ణని అంటున్నారు!"

చప్పట్లు మిన్నంటాయి. "వినయం కాదమ్మా..." అని ఆయన అంటున్న మాట మైకు అందుకోలేదు. అప్పటికే దాన్ని చేతిలోనుండి తీసుకున్నారు. కంపెనీ పెద్దమనిషి చెవిదగ్గరకు వంగి, "పైనా కిందా ఏముందిలెండి, ఫోటోలు బాగా వచ్చాయి" అని భుజం నొక్కారు. ఇల్లు కేంద్రానికి దక్కింది. అది దక్కడం మంచిదేనని ఆయనకు తెలుసు. ఆ చప్పట్లలో తన మాట నిజమని నమ్మిన మనిషి ఒక్కరు లేరనీ తెలుసు.

ఫోను పెట్టేసిన వెంటనే ఊరి నుండి బయలుదేరి వచ్చిన భార్య, గుంపును తోసుకుంటూ వచ్చి మోచేయి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "మన బస్సు వచ్చిందండీ" అన్నది. బావమరిది సంచులు మోస్తూ కొంత దూరంలో నడిచాడు. దగ్గరకు రాలేదు. బస్సు తలుపు దగ్గర ఆగి, పెళ్లినాటి నుండి అలవాటైన మృదుత్వంతో ఆమె చెప్పింది: "మెట్టు. కొంచెం ఎత్తుగా ఉంది."

ఆయన కాలెత్తలేదు. బూటు కొసను ముందుకు జరిపి, మెట్టు అంచును తాకి, దాని ఎత్తును కింద నుండి పై వరకు తడిమి చూశారు. మెట్టు ఉంది. ఆమె చెప్పినంత ఎత్తుగానే ఉంది. ఆయన మోచేతి మీద ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా సడలిపోయాయి.

"ఎక్కండి సార్, ఎంతసేపు?" అని డ్రైవరు లోపలి నుండి అన్నాడు.

ఆయన పక్కనున్న ఇనుపకమ్మీని వెతికి పట్టుకుని, తనంతట తానే ఎక్కారు.